ఏరు దాటిన గుర్రం

పోయిన నెల నరసరావుపేటలో ఒక కళాపరిషత్తు వాళ్ళు నాకు సన్మానం చేశారు. శాలువా కప్పారు, ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు, అద్దం బిగించిన సన్మాన పత్రం చదివారు. చదివినాయన కాలేజీలో తెలుగు మాస్టారు, మంచి గొంతు. "తాతగారు కట్టిన కథను ఒక్క మాట మార్చకుండా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నేటికీ చెబుతున్న బుర్రకథకురాలు" అని ఊపిరి తీయకుండా చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మా బాబాయి మాత్రం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. అది దగ్గు కాదు, నవ్వు. ఇరవై ఏళ్ళుగా నా పక్కన నిలబడి గుమ్మెట వాయిస్తున్న మనిషి నవ్వు నాకు తెలియదా?

తర్వాత మైకు నా ముందు పెట్టి "రెండు ముక్కలు మాట్లాడమ్మా" అన్నారు. పరిషత్తు పెద్దలకు నమస్కారం, మా తాతకు నమస్కారం, పేట ప్రేక్షకులకు నమస్కారం అని చెప్పి కూర్చున్నాను. తిరుగు బస్సులో నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. గంటల తరబడి గొంతు చించుకునేదాన్ని, చెప్పాల్సిన చోట నోరు పెగల్లేదు. ఆ శాలువా ఎవరి మూలంగా నా భుజం మీదికి వచ్చిందో, బాబాయి ఆ ముందు వరస కుర్చీలో ఎవరి మూలంగా కూర్చున్నాడో ఆ మనిషి ఊసే ఎత్తలేదు నేను.

ఆమె పేరు నాకు తెలియదు. నేను అక్కా అన్నాను, ఆమె నన్ను కథలామే అంది, నాలుగు రోజులు ఆ పిలుపులతోనే గడిచిపోయాయి. తర్వాత వెతుక్కుంటూ వెళితే ఆ మొగుడూ పెళ్ళాం క్వారీ పనికి ఎటో వెళ్ళిపోయారన్నారు. పేరు లేని మనిషికి వేదిక మీద నమస్కారం ఎట్లా చెప్పేది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, అదీ సాకే. ఆమె సంగతి చెబితే నా సంగతి కూడా చెప్పాలి. శాలువా కప్పుకుని నిలబడి అది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కాగితం మీద అయితే ఎవరూ నా మొహం చూడరు. అందుకే రాస్తున్నాను.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ నిలబడి కథ చెప్పేది నేను, భుజాన తంబూరా, కాళ్ళకు గజ్జెలు. కుడిపక్క మా ఆయన. ఎడమపక్క మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు. జనాన్ని నవ్వించే పని ఆయనది. వాళ్ళిద్దరినీ వంతలు అంటారు. నేను పాట అందుకుంటే వాళ్ళు గుమ్మెట మీద దెబ్బేసి "తందాన తాన" అనాలి. ఆ తందాన లేకపోతే నేను ఎంత గొప్పగా చెప్పినా అది సణుగుడే, కథ కాదు.

మా తాత కట్టిన కథ ఒక వీరుడిది. తెల్లగుర్రం ఎక్కి యుద్ధానికి పోతుంటే దారిలో నాగులేరు పొంగుతుంది. గుర్రం ఏట్లో దిగుతుంది. నడుముదాకా నీళ్ళు, మెడదాకా నీళ్ళు, చెవులదాకా నీళ్ళు. చివరికి గుర్రం మునిగిపోతుంది. వీరుడు ఈది ఒడ్డు చేరి, గుర్రం కోసం ఏడ్చి, కాలినడకన పోయి యుద్ధం చేస్తాడు. గుర్రం మునిగే ఘట్టంలో ఏడవని ఆడది లేదు పల్నాట్లో. మా తాతకు పేరొచ్చింది అక్కడే. ఇంకో సంగతి, మొదలుపెట్టిన కథను ముగించి మంగళం పాడనిదే మేళం ఊరి పొలిమేర దాటకూడదు. మా ఇంటి కట్టుబాటు అది, ఊళ్ళవాళ్ళూ పట్టుబడతారు.

నాలుగేళ్ళ కింద, వానాకాలంలో, మాచవరం అవతల ఒక ఊళ్ళో కథ ఒప్పుకున్నాం. ఊరి పేరు రాయను, వాళ్ళ పరువు నేనెందుకు తీయాలి. మంగళవారం పొద్దుపోయాక చావడి ముందు అరుగు మీద కథ మొదలైంది. గుర్రం ఏట్లో దిగింది. నా గొంతు ఆ రోజు పలికినట్టు ఎప్పుడూ పలకలేదు, ఒట్టు. సరిగ్గా అప్పుడు ముందు కూర్చున్న ఆడవాళ్ళలో కలకలం. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకటి వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. నేను చూశాను. చూసి కూడా మైకులోనే గయ్యిమన్నాను: "ఏందమ్మా ఆ గోల? ఆ పిల్లని అవతలికి తీసకపోండి, కథ చెడిపోతా ఉంది!"

తల్లి పిల్లను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇంకాసేపటికి వెనక వరసలో ఇంకొకడు కడుపు పట్టుకుని లేచాడు. ఎవరో "గత్తర" అన్నారు, కలరాకు మా వైపు పేరు అది. అంతే, నాలుగు నిమిషాల్లో చావడి ముందు చాపలు తప్ప మనిషి లేడు. నాకు అప్పుడైనా బుద్ధి రావద్దా? గజ్జెలు విప్పి అరుగు మీద విసిరికొట్టి "కథకి విలువ లేని ఊరు" అని మైకులోనే అనేసి దిగిపోయాను. మంగళం పాడలేదు. గుర్రం నడి ఏట్లో ఉండిపోయింది.

బుధవారం పొద్దున డాక్టరుగారి జీపు వచ్చింది. బావిలో బ్లీచింగు పౌడరు కలిపారు, దొరికినవాళ్ళకు సూదులు వేశారు, ఆ పిల్లనూ ఇంకో ఇద్దరినీ జీపులో పడుకోబెట్టుకున్నారు. పిల్ల తండ్రి కూడా ఎక్కాడు. ఎత్తడానికి మనుషులు లేకపోతే మా ఆయన సాయం పట్టి, గురజాల దాకా పోయి మాకు బండేదన్నా మాట్లాడుకొస్తానని తనూ ఎక్కాడు. మంచిపనే. కానీ ఆ జీపు అటు పోయిందో లేదో, మధ్యాహ్నానికి ఊళ్ళో డప్పు మోగింది. ఊరు కట్టేశామనీ, ఆదివారం ఊరి చుట్టూ పొలి అన్నం చల్లి అమ్మవారిని సాగనంపేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదనీ చాటింపు. ఉన్న రెండు దారులకూ అడ్డంగా తుమ్మకంప పడింది. కంపకు ఇవతల ఈ ఊరివాళ్ళ కర్రలు, అవతల పక్క ఊరివాళ్ళ కర్రలు.

నేను ఊరి పెద్ద దగ్గరికి పోయాను. తెల్లటి మీసాలు, మంచి మాటకారి, అరుగు దిగకుండానే మాట్లాడాడు.

"మేము ఈ ఊరోళ్ళం కాదు గదా పెద్దయ్యా, మమ్మల్ని పోనీయండి."

"నీ మాటే ఊరంతా చెప్పుకుంటా ఉంది. నడి కథలో ఊరిని తిట్టి దిగిపోయావు. గుర్రం ఏట్లో ఉండాది. దాన్ని ఒడ్డుకన్నా చేర్చు, చంపన్నా చంపు. ఏట్లో వదిలేసి పోతే ఊరు కూడా ఏట్లో ఉన్నట్టే."

"సరే, ఇప్పుడే చెప్తా. కూర్చోండి."

"జనం గుమిగూడగూడదని జీపోళ్ళు చెప్పిపోయారు. ఆదివారం చూద్దాంలే."

చెప్పకుండా పోకూడదు, చెప్పడానికి వీల్లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మాకు విడిది ఊరి చివర బడి, దళితులుండే పల్లెను ఆనుకుని ఉన్న ఒంటి గది. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు రాసిన ఎక్కాలు ఇంకా చెరగలేదు. మాకు అన్నం పెడతామన్న ఇంటివాళ్ళు తలుపు వేసుకున్నారు. బావి దగ్గరికి పోతే చేద దాచేశారు. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. నల్లరేగడి నేల, ఒక్క వానకే దారి బురద ముద్దయిపోయింది. ఇక జీపు రమ్మన్నా రాదు.

గురువారం తెల్లవారేసరికి బాబాయికి మొదలైంది. నాలుగుసార్లు బయటికి పోయొచ్చాడు, అయిదోసారి పోలేకపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి, పిక్కలు పట్టేసి మెలితిరిగిపోతున్నాడు. అప్పటికీ హాస్యం వదలడే! "అమ్మాయ్, ఇన్నేళ్ళ కథంతా ఒక్క పూటలో బయటికొచ్చేసింది" అన్నాడు. "నోరు మూసుకో బాబాయ్" అని అరిచి, గుమ్మంలోకొచ్చి ఏడ్చాను. మా నాన్న పోయాక నాకు తాళం నేర్పింది ఆయన. ఆయన పోతే నాకు ఇంక కథ లేదు, పుట్టిల్లూ లేదు. వానలో కట్టెలు తడిసిపోయాయి, బియ్యం గింజ లేదు, మంచినీళ్ళు లేవు. ఇంటింటికీ పోయి తలుపు కొట్టాను. లోపల మనుషుల అలికిడి వినిపిస్తూనే ఉంది, తలుపు మాత్రం తీయరు. వాళ్ళను తప్పుపట్టను, నా ఇంట్లో పిల్లలుంటే నేనూ తీయను. కానీ ఆ తలుపుల ముందు నిలబడినప్పుడు, రోగం కన్నా ముందు ఇదే చంపుతుందనిపించింది.

బడికి తిరిగొచ్చేసరికి కిటికీ అవతల ఒకామె నిలబడి ఉంది. నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేతిలో మూత పెట్టిన దబర పట్టుకుని. ముప్పై అయిదేళ్ళుంటాయి. క్వారీలో నాపరాళ్ళు మోసే చేతులని చూస్తేనే తెలుస్తుంది, గోళ్ళ సందుల్లో తెల్ల పొడి.

"గంజి. ఉప్పేశా. కాచిన నీళ్ళతోనే చేశా" అంది. ఆగి, "మా పల్లెలో గంజి. మీరు తాగుతారో తాగరో" అంది.

చాప మీదనుంచి బాబాయి, "అమ్మా, నా కడుపులో ఏదీ ఆగట్లేదు, కులం ఒక్కటి ఆగుద్దా? పొయ్యి తల్లీ" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఆమె చెప్పినట్టే చెంచాతో, ఆగి ఆగి పోశాను. వాంతి అయితే కాసేపాగి మళ్ళీ పొయ్యమంది. "నర్సమ్మ చెప్పింది, ఎంత పోయిద్దో అంత పోస్తానే ఉండాలంట" అంది. దబర ఖాళీ అయ్యాక కూడా ఆమె కదల్లేదు.

"కథలామే, మొన్న గుర్రం ఏట్లో దిగింది గదా. తర్వాత ఏమైంది?"

నాకు ఒళ్ళు మండింది. "మనిషి చస్తా ఉంటే కథేంటక్కా?" అన్నాను.

"మా పాప అడిగింది. జీపు ఎక్కిస్తా ఉంటే అడిగింది, గుర్రం దాటిందా అమ్మా అని."

నేను గోడకు చేరగిలబడిపోయాను. మైకులో నేను గయ్యిమన్నది ఈమె బిడ్డ మీద. "అక్కా, ఆ రోజు నేను…" అని మొదలుపెట్టబోతే "నీకేం తెలుసు, ఎవరికి తెలుసు" అని కొట్టిపారేసింది.

"మరి పాపకి ఏం చెప్పావు?" అని అడిగాను. ఆమె దబర మూత అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

అట్లా కిటికీ ఊచలకు ఇవతల నేను, అవతల వానజల్లులో ఆమె, కథ మొదలైంది. గజ్జెలు లేవు, తంబూరా లేదు. ఏట్లోంచి ఎత్తుకుంటే రక్తి కట్టదని, వీరుడు గుర్రానికి కళ్ళెం వేసే దగ్గర్నుంచి అందుకున్నాను. "కుడికాలికి వెండి కడియం గదా దానికి" అంది ఆమె మధ్యలో. మంగళవారం చెప్పి ఉంటానులే అనుకున్నాను. ఒక చరణం పాడి ఆపాను, అలవాటుకొద్దీ. చాప మీదనుంచి, ఊపిరికన్నా కాస్త పెద్దగా, "తందాన" అని వినిపించింది. నాకు కళ్ళు చెమర్చాయి. మనిషి ఉన్నాడు, పలుకుతున్నాడు. ఆ నాలుగు రోజులూ బాబాయి బతికున్నాడో లేదో నేను తెలుసుకున్నది నాడి పట్టుకుని కాదు, తందాన విని.

సాయంత్రం వాన తెరిపిచ్చాక కంప దగ్గరికి పోయాను. అవతల మా ఆయన. గురజాలనుంచి బురదలో నడిచొచ్చాడు. మాత్రల పొట్లం తువ్వాల్లో మూట కట్టి కంప మీదుగా విసిరాడు. "పాపకి ఎట్లా ఉంది?" అని అరిచాను. "సెలైన్ ఎక్కిస్తా ఉన్నారు, మాట్లాడతా ఉంది" అని అరిచాడు. ఆ మాట ఆమెకు చెబితే, రెండు చేతులూ జోడించి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది.

అప్పుడు ఆ ఊరంతా ఇంతే, ఎవరు ఎవరితో మాట్లాడినా అరుచుకోవడమే. తలుపు లోపలి నుంచి తలుపు బయటికి, కంప ఇవతల నుంచి అవతలికి. పెళ్ళానికి మొగుడు, తమ్ముడికి అన్న, పది అడుగుల దూరంలో నిలబడి గొంతు చించుకునేవాళ్ళు. పొద్దస్తమానం గొంతే నా బతుకు, కానీ మనిషికి మనిషి కావాలంటే గొంతు ఒక్కటే చాలదని నాకు అక్కడే అర్థమైంది. ఎటు నడిచినా కాసేపటికి కంప అడ్డం. మళ్ళీ ఆ గది, ఆ ఎక్కాలు, ఆ మూలుగు. రెండు మూళ్ళు ఆరు అన్న చోట చూపు తగిలి తగిలి, ఇప్పటికీ ఆ ఎక్కం వింటే అక్కడినుంచి లేచిపోతాను.

శుక్రవారం పొద్దున ఆమె ఆలస్యంగా వచ్చింది. మాట్లాడకుండా గంజి కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. అలిసిపోయిందేమో అనుకున్నాను. బాబాయికి ఆ రోజు మరీ కష్టంగా ఉంది. చర్మం పట్టి లాగితే మడత మడతలాగే ఉండిపోతోంది. గంజి పోసినంతసేపూ ఫర్వాలేదు, ఒక గంట ఆపితే చూపు తేలేస్తున్నాడు.

మధ్యాహ్నం కంప దగ్గర మా ఆయన అరవలేదు. ముళ్ళు చొక్కాకు తగిలేంత దగ్గరికొచ్చి, "ఏమే, ఇట్రా" అన్నాడు.

"ఏంది?"

"పాప పోయింది. రాత్రి పొద్దుపోయాక. సూది మందులన్నీ వేశారు, అందుకోలేదు."

"ఎక్కడుందిప్పుడు?" అన్నాను.

"గురజాలలోనే సమాధి చేశాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశాడు. మట్టి నేనూ వేశా" అన్నాడు. ఆయన చేతులు ఇంకా మట్టిమట్టిగానే ఉన్నాయి. "వాళ్ళమ్మకి ఎట్టా తెలిసిద్ది, ఊరు కట్టేశారు గదా. ఆ తండ్రికి నోరు లేవట్లేదు. నువ్వు చెప్తావా?"

తల ఊపాను. బడికి తిరిగొస్తూ దారి పొడవునా చెప్పే మాటలు కూడబలుక్కున్నాను. గుమ్మంలోకి రాగానే బాబాయి చూపు తేలేసి ఉన్నాడు. గంజి అడుగంటింది. చెబితే ఆమె ఇంక రాదు. బిడ్డ పోయిన తల్లి ఎవరికో గంజి కాచి ఎందుకు తెస్తుంది? ఆమె రాకపోతే ఈయన రేపటికి ఉండడు. ఇంతే నేను ఆలోచించింది. ఇంతకన్నా మంచి కారణం ఏదీ లేదు నాకు. ఆదివారం కంప తీశాక చెబుదామనుకున్నాను. నా బాబాయి కోసం, ఒక తల్లి దగ్గర ఆమె బిడ్డ చావు దాచిపెట్టాను.

సాయంత్రం ఆమె వచ్చింది. గంజి ఇచ్చింది. కిటికీ కింద కూర్చుని, "ఈ పూట ఏరు దాటించు కథలామే. ఇంక ఆగలేను" అంది.

గుర్రాన్ని ఏట్లో దింపాను. నడుముదాకా నీళ్ళు. తందాన. మెడదాకా నీళ్ళు. తందాన. చెవులదాకా నీళ్ళు. ఆ తర్వాతి చరణం మా తాతది, గుర్రం ఒకసారి వెనక్కి తిరిగి వీరుణ్ణి చూసి మునిగిపోయే చరణం. వెయ్యిసార్లు పాడి ఉంటాను. ఆ రోజు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. ఊచలు పట్టుకుని ఆమె నన్నే చూస్తోంది.

"చెవులు మునిగాయి," అన్నాను, "మునిగి, తేలాయి."

చాప మీద బాబాయి కళ్ళు తెరిచాడు. కథ తెలిసినవాడు, అక్షరం అక్షరం తెలిసినవాడు. నేను చరణం ఆపి ఎదురుచూశాను. ఆయన పలకకపోతే నా అబద్ధం అక్కడే బయటపడిపోతుంది. చాలాసేపు ఏమీ వినిపించలేదు, చూరు నీళ్ళు తప్ప. తర్వాత నెమ్మదిగా వచ్చింది, "తందాన తాన."

"దాటిందా?" అంది ఆమె.

"దాటిందక్కా."

"ఒడ్డెక్కిందా?"

"ఎక్కింది. ఒళ్ళు దులుపుకుని సకిలించింది కూడా."

ఆమె నుదురు ఊచలకు ఆనించి అట్లాగే ఉండిపోయింది. ఆమె వెళ్ళాక బాబాయి "ఏందమ్మాయ్ ఈ పని? మీ తాత పైనుంచి రాయి తీసుకుని కొడతాడు" అన్నాడు. ఆయన చెవిలో సంగతి చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం పొద్దున గంజి చెంచా నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు. "నాకొద్దు. ఆ తల్లికి చెప్పకుండా ఆమె చేతి గంజి తాగలేను" అన్నాడు. బతిమాలాను, తిట్టాను, "చావు అయితే, నన్నొక్కదాన్ని ఈ గదిలో వదిలేసి హాయిగా చావు" అన్నాను. అంత మాట అన్నాను. చెంచా విసిరికొట్టాను. ఆ చప్పుడుకు కిటికీ దగ్గరనుంచి "ఏంది పెద్దాయనా, ఇయ్యాల నా గంజి చేదయిందా?" అని వినిపించింది. ఆమె వెళ్ళలేదు, అక్కడే నిలబడి ఉంది. మా మాటలు ఏమైనా విందేమోనని తిరిగి ఆమె మొహం చూశాను. బాబాయి ఆమె వంక చూశాడు. నోరు తెరిచాడు. ఆమె చూస్తుండగా దబర అంతా తాగాడు. తాగుతున్నంతసేపూ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి వాంతులు ఆగాయి. సాయంత్రానికి పక్కకు ఒత్తిగిలి బీడీ అడిగాడు. ముందురోజు నుంచీ పాప ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వీరుడి యుద్ధం మాత్రం పూర్తి చేశాను.

ఆదివారం పొలి చల్లారు. బాబాయిని ఎద్దులబండిలో పడుకోబెట్టి చావడి దగ్గరికి తెచ్చాను. ఊరి పెద్ద అరుగు మీదనే ఉన్నాడు. పదిమంది దూరదూరంగా నిలబడ్డారు.

"కథ ముగించావా?"

"ముగించాను పెద్దయ్యా."

"ఎవరు విన్నారు?"

"నేను విన్నా" అంది బండి వెనకనుంచి ఆమె. "గుర్రం ఒడ్డెక్కింది. యుద్ధం అయింది. మొత్తం విన్నా."

"నువ్వింటే ఊరు విన్నట్టా?" అన్నాడు ఆయన, చిరాగ్గా.

"గత్తర మా పల్లెలో పడ్డప్పుడు ఊరికొచ్చినట్టే అని కంప కొట్టారు గదా దొరా. రోగానికి మేము ఊరోళ్ళం అయినప్పుడు కథకి ఎందుక్కాము?"

పెద్దాయన మీసం సవరించుకుని "సరే, మంగళం పాడు" అన్నాడు. పాడాను. బండిలోంచి బాబాయి వంత పలికాడు, సన్నగా, కానీ తప్పకుండా. కంప తీయమన్నారు.

బండి పొలిమేర దాకా వచ్చింది. ఆమె ఖాళీ దబర చంకన పెట్టుకుని మాతోపాటే నడిచింది. పాపను చూడ్డానికి గురజాల వస్తోందనుకున్నాను. కంప అవతల మా ఆయన కనిపిస్తున్నాడు. ఇంకో ఇరవై అడుగులు పోతే ఆమె ఆయన్ని అడుగుతుంది. బండి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి ఆమెను తాకడం.

"అక్కా, ఒక మాట చెప్పాలి. నన్ను ఏం చేసినా సరే…"

"తెలుసులే" అంది.

"ఏంది తెలుసు?"

"పాప పోయిందని. శుక్రవారం పొద్దున్నే మా ఆయనొచ్చాడు, మీ ఆయనకి కూడా చెప్పకుండా, క్వారీ దారి కంప కాడికి. మట్టికి పోనీయమని కాళ్ళు పట్టుకున్నా, పోనీయలా."

నేను ఆమె చెయ్యి వదల్లేదు. "మరి ఆ రోజు గంజి తెచ్చావు. రోజూ తెచ్చావు. తెలిసి కూడా…"

"ముసలాయన ఉన్నాడు గదా." మామూలుగానే అంది. తర్వాత నా మొహంలోకి చూసి అంది: "అసలు కథలో ఆ గుర్రం సచ్చిపోద్ది. మా అమ్మగారి ఊళ్ళో మీ తాత చెప్పంగా విన్నా చిన్నప్పుడు. వెండి కడియం మెరుసుకుంటా మునిగిపోద్ది. నువ్వు దాటించావు చూడు, అప్పుడే తెలిసింది, నీకూ తెలిసిపోయిందని."

సన్మాన పత్రాలు చదివేవాళ్ళకు తెలియనిది, బాబాయికీ నాకూ ఆమెకూ మాత్రమే తెలిసినది నేను మార్చిన ఆ ఒక్క చరణమే.

"జీపు కాడ పాప అడిగినప్పుడు నేనూ దాటిందనే చెప్పా" అంది. "పోయే బిడ్డకి అబద్ధం చెప్పానా అని కుమిలిపోయా. శుక్రవారం నీ నోట దాటిందని విన్నా. సాల్లే."

"బండెక్కు అక్కా. సమాధి దగ్గరికి తీసుకుపోతాం" అన్నాను ఏడుస్తూ.

"రేపు పోతా. పల్లెలో ఇంకో నలుగురు పడున్నారు, పొయ్యి మీద గంజి పెట్టొచ్చా. మాడిపోద్ది."

చెయ్యి విడిపించుకుంది. కంప తీసేసి ఉంది. అయిదు రోజులుగా బిగబట్టుకున్న జనమంతా బయటికి నడుస్తున్నారు. ఆమె ఒక్కతే వాళ్ళకు ఎదురుగా ఊళ్ళోకి నడిచింది.